పచ్చబడని తమ్ముడు

డాక్టర్ శాంభవికి ఆ ఆగస్టులో ఒకటే బెంగ. ఆమె వైద్యం చేసిన పిల్లలంతా బాగున్నారు.

విజయవాడలో పిల్లల వైద్యంలో పీజీ ఆఖరి ఏడాది చదువుతోంది ఆమె. థీసిస్‌కి తీసుకున్న అంశం, వైరస్ వల్ల కామెర్లు వచ్చిన పిల్లల ఒంట్లో రోగనిరోధక శక్తి ఎలా పనిచేస్తుందన్నది. ఒక్కొక్కరి దగ్గర రెండుసార్లు రక్తం తీసుకోవాలి. కళ్ళు పచ్చబడి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, పూర్తిగా కోలుకున్నాక మరోసారి. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే, జబ్బులో ఉండగా తెల్లకణాలు ఎంత హడావిడి చేశాయో, తగ్గాక ఎలా సద్దుమణిగాయో తెలిసేది. మొదటిసారి రక్తానికి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. రెండోసారి దగ్గరే చిక్కంతా. గంతులేస్తున్న పిల్లని సూది పొడిపించుకు రావడానికి బస్సెక్కించే తల్లి ఎక్కడుంటుంది?

"వాళ్ళు రాకపోతే మనమే వెళ్ళాలమ్మా. ఇంటర్వెల్‌దాకా చూసి సినిమా కథ రాస్తానంటే ఎవరొప్పుకుంటారు?" అన్నారు ఆమె ప్రొఫెసర్ ఉదయభాస్కర్ గారు.

ఆ రానివాళ్ళలో అక్షయ ఒకతె. ఉయ్యూరు అవతల ఒక పల్లెటూరు వాళ్ళది. ఐదో తరగతి పిల్ల. జూన్‌లో బడులు తెరిచిన నాలుగు రోజులకే కళ్ళు పసుపు రంగుకు తిరిగి, ఏం తిన్నా వాంతి చేసుకుంటూ, తల్లి భానుశ్రీ భుజం మీద వాలిపోయి వచ్చింది. పరీక్ష చేస్తే హెపటైటిస్ ఎ అని తేలింది. సూది గుచ్చుతుంటే చెయ్యయినా వెనక్కి లాక్కోలేదు. "నొప్పిగా ఉందా?" అని శాంభవి అడిగితే జవాబు చెప్పే ఓపిక లేక కళ్ళు మూసుకుంది. వాంతులు ఆగి, ఆకలి వేస్తోందని అన్నాక ఇంటికి పంపారు.

ఆ పిల్ల రక్తాన్ని లేబొరేటరీలో చూసినప్పుడు శాంభవి కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంది. వైరస్ దూరిన కణాలను వెతికి పట్టుకుని చంపే తెల్లకణాలు అంత జోరు మీద ఉండటం ఆమె అంతవరకూ చూడలేదు. కళ్ళు తెరవలేక మంచం మీద పడి ఉన్న పిల్ల ఒంట్లో అంత యుద్ధం నడుస్తోందా అనిపించింది. ఈ పిల్ల రెండో నమూనా మాత్రం ఎలాగైనా తీసుకోవాలని అప్పుడే అనుకుంది.

ఆగస్టు వచ్చింది. ఫోన్ చేస్తే ప్రతిసారీ అక్షయ నానమ్మ బుల్లెమ్మ ఎత్తేది.

"దానికేంటమ్మా, గుండ్రాయిలా ఉంది. ఇప్పుడిప్పుడే ఒంటికి రక్తం పడతా ఉంటే మళ్ళా తీస్తానంటారేంటి?" అని పెట్టేసేది.

ఒక ఆదివారం పొద్దున్నే శాంభవి నాన్నగారి స్కూటరు అడిగింది. పటమటలో వాళ్ళ ఇల్లు. తండ్రి సాంబశివరావు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయినాయన.

"పేషెంట్లు డాక్టరు కోసం తిరగాలి గానీ, డాక్టరు పేషెంట్ల వెంట పడటమేమిటే?" అన్నాడు తాళం ఇస్తూ.

"వాళ్ళిప్పుడు పేషెంట్లు కాదు నాన్నా, అదే బాధ."

రక్తం గొట్టాలు ఎండకు పాడవకుండా పెట్టుకునే తెల్లటి థర్మోకోల్ పెట్టెను సీటు వెనక తాడుతో కట్టుకుని బందరు రోడ్డెక్కింది. కంకిపాడు దాటాక కాలవలు నిండుగా కనిపించాయి. చేలల్లో నాట్లు చివరికొచ్చాయి. ఉయ్యూరులో కుడివైపు తిరిగి, దారి అడుక్కుంటూ, గతుకుల్లో పెట్టె ఊడిపోకుండా ఒక చేత్తో వెనక్కి తడుముకుంటూ ఊళ్ళోకి ప్రవేశించింది.

బడి దగ్గర స్కూటరు నెమ్మది చేసేసరికి అక్కడ ఆడుకుంటున్న పిల్లలు వెంటబడ్డారు.

"అక్కా, ఐసా? కోనా, పుల్లా?"

"ఐసు కాదమ్మా, నేను డాక్టర్ని."

"అయితే ఆ పెట్టెలో ఏముంది?"

"సూదులు."

క్షణంలో రోడ్డు ఖాళీ అయింది. బడి గేటు పక్కన చిన్న కొట్టు ముందు నిలబడ్డ ఒక ముసలావిడ, ఊళ్ళోకి పోటీగా ఎవరో ఐసుల మనిషి వచ్చిందనుకుందేమో, స్కూటరు కనుమరుగయ్యేదాకా నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

బుల్లెమ్మ ఫోన్‌లో ఉన్నంత కటువుగా ఇంటి దగ్గర లేదు. గుమ్మంలో డాక్టరు కనబడగానే కొంగు సర్దుకుని, "అయ్యో, ఎండన పడి వచ్చారా? ముందు కూర్చోండి, మంచినీళ్ళు తాగండి," అంటూ ఫ్యాను కిందకి కుర్చీ లాగింది. "కాచి చల్లార్చినవేనమ్మా. ఆ జబ్బొచ్చిన కాణ్ణించి ఇంట్లో పచ్చినీళ్ళు ముట్టనివ్వటం లేదు." భానుశ్రీ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "రావాల్సిందే మేడం, అత్తయ్య ఒప్పుకోలేదు," అని చిన్నగా చెప్పింది. ఆమె భర్త కిరీటి ఎరువుల కొట్టు సరుకు కోసం గుంటూరు వెళ్ళాడట.

శాంభవి వచ్చిన పని చెబుతుండగా నడవాలోంచి ఒక తల తొంగి చూసింది. బుగ్గలు నిండిన మొహం, రెండు జడలు, పాలలా తెల్లగా మెరుస్తున్న కళ్ళు. ఒక్క క్షణం శాంభవి ఆ పిల్లని పోల్చుకోలేకపోయింది.

"అక్షయా, బాగున్నావా?"

అక్షయ డాక్టర్ని చూసింది, కుర్చీ పక్కనున్న పెట్టెను చూసింది. పెరటి తలుపు ధడేలుమంది.

"అక్షీ! ఏయ్!" అంటూ భానుశ్రీ పరిగెత్తింది. ఆమె వెనక శాంభవి, ఆవిడ వెనక నాలుగేళ్ళయినా నిండని తమ్ముడు సాయిగణేష్, నవ్వుతూ, ఇదేదో ఆట అనుకుని. పెరడు దాటి, గడ్డివాము చుట్టూ తిరిగి, పక్కింటివాళ్ళ గేదెల మధ్యలోంచి అక్షయ మాయమైపోయింది. శాంభవి ఆయాసపడుతూ ఆగింది. జూన్‌లో మంచం దిగి బాత్‌రూముకి నడవలేకపోయిన పిల్ల ఇది. కోపం రావాల్సిన చోట ఆమెకి నవ్వొచ్చింది.

"ఎక్కడికెళ్ళుద్ది, ఆకలైతే అదే వచ్చుద్ది," అంది బుల్లెమ్మ గుమ్మంలోంచి. ఆవిడ మొహంలో మనవరాలి మీద కాస్త గర్వం కూడా కనబడింది.

భానుశ్రీ ఒకవైపు, శాంభవి ఇంకోవైపు వెతకడానికి బయల్దేరారు. సాయిగణేష్ శాంభవి వేలు పట్టుకున్నాడు.

"అక్క ఎక్కడుంటుందో నీకు తెలుసా?"

"తెల్సు. చెప్పకూడదు," అని వాడే ముందు నడిచి బడి దగ్గరకి తీసుకెళ్ళాడు.

ఇందాక చూసిన ముసలావిడ కొట్టు బల్ల వెనక కూర్చుని ఉంది. పేరు మాణిక్యం. పుల్ల ఐసులు, నిమ్మసోడా, వేయించిన బఠాణీలు అమ్ముతుంది. శాంభవిని చూసి, "ఇక్కడెవరూ లేరమ్మా," అంది అడక్కుండానే.

"నేనింకా ఏం అడగలేదండీ."

సోడా బుడ్ల ట్రేల వెనక కిసుక్కుమన్న నవ్వు వినబడింది.

శాంభవి లోపలికి వెళ్ళలేదు. కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, "నాకో నిమ్మసోడా ఇవ్వండి," అంది. తర్వాత ట్రేల వైపు తిరిగి, "బలవంతంగా తియ్యను అక్షయా. నువ్వు సరేనంటేనే తీస్తా. వద్దంటే సోడా తాగి వెళ్ళిపోతా," అని చెప్పింది.

కాసేపటికి ట్రేల మీదుగా రెండు కళ్ళు పైకొచ్చాయి.

"నాకు జబ్బు తగ్గిపోయిందిగా? మళ్ళీ ఎందుకు?"

"తగ్గిందని నాకూ తెలుసు. ఎలా తగ్గిందో తెలుసుకోవాలి."

"నానమ్మ పసరు పోయించింది. దాంతో తగ్గిందంట."

"నేను మందిస్తేనే తగ్గిందని ఆసుపత్రిలో అందరూ అంటారు. నిజానికి నేనిచ్చింది సెలైను, వాంతి ఆగే బిళ్ళ. ఈ వైరస్‌ని చంపే మందు నా దగ్గరా లేదు, పసరులోనూ లేదు. చంపింది నువ్వే."

అక్షయ ట్రే మీద మోచేతులు ఆనించుకుంది. "నేనా?"

"నీ ఒంట్లో తెల్లకణాలు. ఆ వైరస్ వెళ్ళి లివర్ కణాల్లో దాక్కుంటుంది, నువ్విప్పుడు ఈ బుడ్ల వెనక దాక్కున్నట్టు. అక్కడ పడి తనలాంటివాటిని తయారుచేసుకుంటుంది. తెల్లకణాలు అది పసిగట్టి, వైరస్ ఉన్న కణాల్ని వెతికి మరీ పగలగొడతాయి. అప్పుడు లివర్ వాస్తుంది, కళ్ళు పచ్చబడతాయి, ఒళ్ళంతా నీరసం. అంటే నువ్వు మంచం పట్టింది చాలావరకు వైరస్ వల్ల కాదు. నీ వాళ్ళు గట్టిగా కొట్లాడటం వల్ల. నేను చూసిన పిల్లల్లో అంత గట్టిగా కొట్లాడినవి నీ కణాలే."

అక్షయ తన చెయ్యి తిప్పి చూసుకుంది. మాణిక్యం కూడా ఆ చేతి వంక చూసింది.

"ఇప్పుడవేం చేస్తున్నాయి?"

"అదే నాకూ తెలియాలి. చాలావరకు విశ్రాంతి తీసుకుంటూ ఉండాలి. కొన్ని మాత్రం ఆ వైరస్‌ని గుర్తుపెట్టుకుని జీవితాంతం కాపలా ఉంటాయి. ఆ కాపలావాళ్ళని లెక్కపెట్టాలి."

అక్షయ ట్రేల వెనకనుంచి బయటికొచ్చింది. "సరే. కానీ రెండు పనులు చెయ్యాలి మీరు."

"ఏంటవి?"

"నాకు కూరలో నూనె, కారం, పసుపు వెయ్యమని నానమ్మకి చెప్పాలి. జూన్ నుంచి మజ్జిగన్నమే పెడుతోంది. పసుపు తింటే మళ్ళీ పచ్చబడతానంట."

శాంభవి సోడా గుటక ఆపింది. "ఇప్పటికీనా? అయ్యో తల్లీ, అది ఇవాళే చెబుతా. రెండోది?"

అక్షయ మాణిక్యం వైపు చూసి గొంతు తగ్గించింది. "మాణిక్యం మామ్మ ఐసు వల్ల రాలేదని చెప్పాలి."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. బడి తెరిచిన మొదటిరోజు అక్షయ ఇక్కడ పుల్ల ఐసు తింది. నాలుగు రోజులకి జబ్బు పడింది. ఆసుపత్రి నుంచి రాగానే బుల్లెమ్మ బడి గేటు ముందుకొచ్చి, పది మంది తల్లుల ఎదురుగా, "నీ ఐసు తినే నా మనవరాలు చావుదాకా పోయొచ్చింది," అని అరిచింది. ఆ తర్వాత పిల్లలెవరూ కొట్టు దగ్గరకి రావడం లేదు. దానికన్నా మాణిక్యానికి కష్టం కలిగించిన విషయం వేరే ఉంది.

"పెళ్ళయి ఒకే ఏడు వచ్చామమ్మా ఈ ఊరికి, నేనూ బుల్లెమ్మక్కా. రోజూ సాయంత్రం వాళ్ళ అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఇప్పుడు నేను వీధిలో వస్తుంటే తలుపేసుకుంటది," అంది మాణిక్యం. "నేను నీళ్ళు కాచే పోస్తాను ఐసుకి. అయినా ఏమో, నా వల్లే వచ్చిందేమోనని నాకూ నిద్ర పట్టటం లేదు."

"నిజమేదో అదే చెబుతానండీ, మీ కోసమైనా అబద్ధం చెప్పలేను," అంది శాంభవి. తర్వాత అక్షయని అడిగింది. "బడి తెరవక ముందు ఇక్కడ ఎప్పుడు తిన్నావ్ ఐసు?"

"సెలవలంతా ఇబ్రహీంపట్నంలో అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నాం. బడి ముందురోజు సాయంత్రమే వచ్చాం."

శాంభవి బెంచీ మీంచి లేచింది. "అయితే పద ఇంటికి. మామ్మా, మీరూ రండి."

"నేను రాను తల్లీ."

"రావాలి," అంది అక్షయ, ఆవిడ చెయ్యి పట్టుకుని లాగుతూ.

మాణిక్యం గేటు లోపలికి రాకుండా వేపచెట్టు కింద నిలబడింది. బుల్లెమ్మ ఆమెను చూసి మొహం తిప్పుకుంది. శాంభవి అరుగు మీద కూర్చుని, ఇద్దరికీ వినబడేలా చెప్పింది.

"చూడండి బుల్లెమ్మగారూ, ఈ వైరస్ ఒంట్లోకి వెళ్ళిన వెంటనే జబ్బు రాదు. సుమారు ఒక నెల పడుతుంది. ఎంత తొందరగా అన్నా రెండు వారాలు. నాలుగు రోజుల్లో రావడం జరగదు. జూన్‌లో జబ్బు పడిందంటే మే నెలలో ఎక్కడో తగులుకుని ఉండాలి. మే నెలంతా పాప ఈ ఊళ్ళో లేదు. ఐసు నీళ్ళ వల్ల కామెర్లు రావని నేననను, శుభ్రంగా లేకపోతే వస్తాయి. కానీ అక్షయకొచ్చింది ఈవిడ ఐసు వల్ల కాదు."

 బుల్లెమ్మ చూపు నెమ్మదిగా వేపచెట్టు మీంచి జరిగి కోడలి మీద ఆగింది.

"మేలో అంటే... ఇబ్రహీంపట్నంలోనా?"

భానుశ్రీ చేతిలో గ్లాసు కింద పెట్టింది. "మా అమ్మ క్యాన్ల నీళ్ళు తప్ప వాడదండీ అత్తయ్యా!"

"నేనేమన్నాను? డాక్టరుగారు చెప్పింది విన్నాను అంతే."

కొత్త తగువు మొదలయ్యేలా ఉందని శాంభవికి అర్థమైంది. ఊళ్ళో ఒక గొడవ తీర్చబోయి ఇంట్లో ఒకటి పెట్టినట్టయింది. గబగబా అడిగింది. "అక్కడ ఇంకెవరికైనా ఒంట్లో బాగోలేదా?"

"ఎవరికీ లేదండీ," అంది భానుశ్రీ. కాస్త ఆగి, "వీడికి రెండు రోజులు జ్వరం, వాంతులు వచ్చాయి మే నెల మధ్యలో. ఎండదెబ్బ అనుకున్నాం. కళ్ళు పచ్చబడలేదు," అంది సాయిగణేష్ని చూపిస్తూ. వాడప్పుడు థర్మోకోల్ పెట్టె మూత తీసే ప్రయత్నంలో ఉన్నాడు.

శాంభవి వాడి వైపు తిరిగింది. "అప్పుడు వాడి పనులు ఎవరు చూశారు?"

"నేనే," అంది అక్షయ. "అమ్మ అక్కడ మిషను కుట్టడం నేర్చుకోవడానికి వెళ్ళేది. కడిగేది, నిక్కరు మార్చేది నేనే. వాడు తాగి మిగిల్చిన పాలు కూడా నేనే తాగేదాన్ని."

"చేతులు సబ్బుతో కడుక్కునేదానివా?"

అక్షయ ఆకాశం వంక చూసింది.

"చిన్నపిల్లల్లో ఈ జబ్బు అలాగే ఉంటుంది," అని శాంభవి భానుశ్రీకి చెప్పింది. "ఆరేళ్ళ లోపు పిల్లలకి వైరస్ సోకినా చాలామందికి కళ్ళు పచ్చబడవు. వాళ్ళ తెల్లకణాలు అంత గొడవ చెయ్యకుండానే పని ముగిస్తాయి. చూసేవాళ్ళకి మామూలు జ్వరంలాగే ఉంటుంది. కానీ వాళ్ళ నుంచి పక్కవాళ్ళకి అంటుతుంది. పెద్దయ్యేకొద్దీ కొట్లాట ఎక్కువ, కామెర్లు ఎక్కువ. వీడి రక్తం కూడా కొంచెం తీస్తే తెలిసిపోతుంది. జబ్బుపడ్డ పిల్లల తోబుట్టువుల్ని పరీక్షించడానికి మాకు అనుమతి ఉంది. మీకిష్టమైతేనే."

భానుశ్రీ అత్తగారి వైపు చూసింది. బుల్లెమ్మ ఈసారి అడ్డు చెప్పలేదు. నిజమేదో తేలాలన్న పట్టుదల ఆవిడ మొహంలోనే కనబడుతోంది.

అక్షయ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. సూది గుచ్చగానే "అబ్బా!" అని ఊరంతా వినబడేలా అరిచింది. జూన్‌లో మూతలుపడిన ఆ కళ్ళు గుర్తొచ్చి, ఆ అరుపు శాంభవికి ఎంతో బాగుందనిపించింది. ఎర్రటి రక్తం గొట్టంలోకి రావడం అక్షయే కన్నార్పకుండా చూసింది. "కాపలావాళ్ళు ఇందులో ఉన్నారా?" అని అడిగింది.

"నాక్కూడా! నాక్కూడా!" అని సాయిగణేష్ కుర్చీ ఎక్కాడు. అక్కకి అందరూ చుట్టూ చేరి మర్యాద చేయడం వాడికి నచ్చలేదు. సూది చర్మాన్ని తాకిన క్షణంలో వాడు మనసు మార్చుకున్నాడు గానీ, అప్పటికి భానుశ్రీ గట్టిగా పట్టుకుంది. కాసేపు గట్టిగా ఏడ్చి, చేతికి అంటించిన పట్టీ చూసుకుని ఊరుకున్నాడు.

"నాదీ తియ్యండి," అంది బుల్లెమ్మ హఠాత్తుగా, జాకెట్టు చెయ్యి పైకి లాగి. "ఇంట్లో ఎవరి వల్లొచ్చిందో తేలేటప్పుడు నాదెందుకు మినహాయింపు?"

"మాది పిల్లల లెక్క బుల్లెమ్మగారూ. మీ వయసువాళ్ళకి చిన్నతనంలోనే ఎప్పుడో వచ్చిపోయి ఉంటుంది. మీ కాపలావాళ్ళు చాలా సీనియర్లు."

వేపచెట్టు కిందనుంచి మాణిక్యం నవ్వింది. బుల్లెమ్మ అటు చూడలేదు గానీ, నవ్వద్దనీ అనలేదు.

పథ్యం సంగతి శాంభవి లేచేముందు తేల్చేసింది. నూనె, కారం, పసుపు, పప్పు, గుడ్డు, అన్నీ పెట్టొచ్చని గట్టిగా చెప్పింది. పసరు మాత్రం ఇంకెప్పుడూ పోయించవద్దంది. "వాచి ఉన్న లివర్ మీద ఏం మందు పడినా దానికి భారమే. ఈసారి పాప అదృష్టం బాగుంది." బుల్లెమ్మకి పసరు మాట రుచించలేదు. తల మాత్రం ఊపింది. ఆ మధ్యాహ్నం డాక్టరుకి విస్తరి వేసింది ఆవిడే. పక్కనే కూర్చున్న అక్షయ పప్పులో ఆవకాయ కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా రెండో ముద్దకి ఆగలేదు.

సాయంత్రానికి రక్తం లేబొరేటరీ చేరింది. పరీక్షించి చూస్తే, అక్షయ తెల్లకణాల హడావిడి చాలావరకు అణిగిపోయింది. ఆ వైరస్‌ని గుర్తుపట్టే కణాల చిన్న గుంపు ఒకటి మాత్రం నిలకడగా ఉంది. మొదటి నమూనా చిత్రాన్ని, ఈ చిత్రాన్ని తెర మీద పక్కపక్కన పెట్టి శాంభవి ఉదయభాస్కర్ గారిని పిలిచింది. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని, "ఇప్పుడు సినిమా పూర్తిగా చూసినట్టుంది," అన్నారు.

సాయిగణేష్ ఫలితం మరుసటి వారం వచ్చింది. జబ్బు కొత్తగా సోకినప్పుడు పుట్టే యాంటీబాడీలు వాడి రక్తంలో ఇంకా ఉన్నాయి. జీవితాంతం నిలిచేవి కూడా వచ్చేశాయి. అంటే కొద్ది నెలల కిందటే వాడికి వైరస్ సోకింది. కళ్ళు పచ్చబడకుండానే, ఎవరికీ తెలియకుండానే, వాడు దాన్ని గెలిచేశాడు.

శాంభవి ఫోన్ చేసి భానుశ్రీకి చెప్పింది. ఫోన్ స్పీకర్ మీద ఉందని మధ్యలో అర్థమైంది.

"మేలో వాడికి జ్వరం వచ్చింది కాబట్టి, మొదట వాడికే సోకి, వాడి నుంచి అక్షయకి వచ్చి ఉండొచ్చు. కచ్చితంగా ఇదేనని నేను ప్రమాణం చెయ్యలేను. కానీ రోజులు సరిగ్గా కలుస్తున్నాయి. వాడికి సోకింది ఏప్రిల్‌లో అయ్యుండాలి, అంటే ఇబ్రహీంపట్నం వెళ్ళకముందే."

"ఏప్రిల్లో వాడు ఇల్లు కదల్లేదే..." అంది భానుశ్రీ.

 అవతల నుంచి బుల్లెమ్మ గొంతు, ఎప్పుడూ లేనంత మెత్తగా వచ్చింది.

"కదిలాడు. తిరనాళ్ళకి నేను తీసుకెళ్ళానుగా. దాహమని ఏడిస్తే రోడ్డు పక్కన రంగునీళ్ళు తాగించాను. అమ్మాయి కోప్పడుద్దని చెప్పలా."

"అత్తయ్యా!" అన్న అరుపు, ఆ వెంటనే భానుశ్రీ నవ్వు వినబడ్డాయి. ఇబ్రహీంపట్నం మీద పడ్డ నింద తొలగిన సంబరం ఆ నవ్వులో దాగలేదు. "పోనీలెండి, మీరేం కావాలని చేశారా," అంటోంది. తర్వాత చెప్పుల చప్పుడు, గేటు చప్పుడు.

"నానమ్మ బయటికి వెళ్తోంది," అంది అక్షయ ఫోన్ తీసుకుని. "మాణిక్యం మామ్మ కొట్టువైపే. ఉండండి, చూసి చెబుతా." పరిగెత్తుతున్న అడుగులు, కోళ్ళ అరుపులు. ఆయాసంగా మళ్ళీ, "నానమ్మ బెంచీ మీద కూర్చుంది. ఏం మాట్లాడట్లేదు. మామ్మ కూడా మాట్లాడట్లేదు. ఆఁ... మామ్మ సోడా కొట్టి ఇచ్చింది. నానమ్మ గేటు దగ్గర పిల్లలందర్నీ పిలుస్తోంది. అందర్నీ ఐసు తినమంటోంది, తనే కొనిస్తుందంట. మేడం, నేను కూడా వెళ్తున్నా!" ఫోన్ ఎక్కడో పడేసి వెళ్ళిపోయింది. శాంభవి కాసేపు కోళ్ళ అరుపులు విని పెట్టేసింది.

ఆ తర్వాత బుల్లెమ్మ చేసిన పని శాంభవి ఊహించలేదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఆ వేసవిలో కామెర్లు వచ్చిన పిల్లలు ఎవరున్నారో ఆవిడే వాకబు చేసింది. "తగ్గినాక రెండోసారి రక్తం ఇవ్వాలంట. మా అక్షయ ఇచ్చింది, దాని కణాలంత గట్టివి ఇంకెవరికీ లేవంట," అని చెప్పి, వాళ్ళ తల్లుల చేత ఫోన్లు చేయించింది. రానంటే రానని మొండికేసిన ఇద్దరు పిల్లల్ని తానే వెంటబెట్టుకుని బస్సులో ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఆ రోజు ఆవిడతో మాణిక్యం వచ్చింది. మైక్రోస్కోపులో తన కణాలు చూడాలని అక్షయ కూడా వచ్చింది.

శాంభవి అక్షయ రక్తంతో గాజు పలక తయారుచేసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. అక్షయ స్టూలెక్కి ఒక కన్ను మూసుకుంది. లేత గులాబీ రంగు చుక్కల మధ్య అక్కడక్కడా నీలి ఊదా రంగులో గుండ్రటి కణాలు కనిపించాయి.

"ఇవేనా నావి?"

"ఆ గుండ్రటివి. కాపలా కాసేవి వాటిలోనే ఉంటాయి."

అక్షయ చాలాసేపు దిగలేదు. బుల్లెమ్మ ఆగలేక పక్కకి జరగమంది. ఆవిడ కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, చివరికి దొరకబుచ్చుకుంది.

"కదలటం లేదేంటమ్మా?"

"రంగు వేశాం కదండీ. చచ్చిపోయాయి."

"అయ్యో! నా మనవరాలివి చంపేశారా?"

"ఒంట్లో బోలెడు ఉన్నాయిలే నానమ్మా," అంది అక్షయ. "నువ్వు జరుగు, మాణిక్యం మామ్మ చూడాలి."

మాణిక్యం వంగి చూసింది. ఏం కనబడిందో చెప్పలేదు గానీ, బుల్లెమ్మ భుజం పట్టుకుని, "అక్కా, ఎంత బాగున్నాయో," అంది. తర్వాత ఆ ఇద్దరు పిల్లలూ వరుసగా స్టూలెక్కారు. వాళ్ళు కిందికి దిగేసరికి శాంభవి సూదులు సిద్ధం చేసుకుంది. "ముందు నాది," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు, చొక్కా చెయ్యి మడుచుకుంటూ.